ఆస్వాల్డ్ ఏవరీ

లోకమునకు మేలు చేసిన మహనీయులలో కొందరి పేళ్లు పసిపిల్లలకు సైతము తెలిసియుండును. మఱికొందరి పేళ్లు పండితులకు సుపరిచితములైనను, వారి జీవితకథ నెఱిగినవారు మిక్కిలి తక్కువ. ఆస్వాల్డ్ ఏవరీ ఈ రెండవ కోవకు చెందిన శాస్త్రజ్ఞుడు. తల్లిదండ్రుల పోలికలు బిడ్డలకు ఏ పదార్థము మూలమున సంక్రమించును? నిన్నటి వఱకు ఒక మందునకు నశించుచుండిన రోగక్రిములు నేడు ఆ మందునే లెక్కచేయక వృద్ధిపొందుటకు కారణమేమి? పైకి చూచినచో ఈ రెండు ప్రశ్నలకు ఎట్టి సంబంధమును కనిపింపదు. కాని వీని రెండింటికిని సమాధానము ఒక్క పదార్థముననే ఇమిడియున్నది. ఆ పదార్థమేదో కనుగొని లోకమునకు చూపినవాడు ఏవరీ. ఆ పని నెఱవేరునాటికి ఆయనకు అఱువదియైదేండ్లు నిండినవి.

ఏవరీ 1877 వ సంవత్సరము అక్టోబరు 21 వ తేదీన కెనడా దేశములోని హాలిఫాక్స్ నగరమున జన్మించెను. ఆయన తండ్రి జోసఫ్ ఏవరీ క్రైస్తవ మతబోధకుడు, తల్లి ఎలిజబెత్. ఈ దంపతులు ఇంగ్లండునుండి కెనడాకు వలస వచ్చినవారు. వారి మువ్వురు కుమారులలో ఆస్వాల్డ్ నడిమివాడు. 1887 లో జోసఫ్ ఏవరీకి అమెరికాలోని న్యూయార్కు నగరమునుండి పిలుపు వచ్చెను. ఆ మహానగరమున పేదలు క్రిక్కిఱిసి నివసించు ఒక పేటలోని చర్చికి ఆయన బోధకుడయ్యెను. పెద్ద కుమారుడైన ఎర్నెస్టును, ఆస్వాల్డును ఒక జర్మను సంగీతజ్ఞునియొద్ద కార్నెట్ అను బాకాను వాయించుట నేర్చుకొనిరి. ఆదివారములందు ఆ సోదరులిరువురు చర్చి మెట్లపై నిలిచి వాయించుచుండగా, దారిని పోవువారు ఆ నాదమునకు ఆకర్షితులై లోనికి వచ్చుచుండెడివారు.

ఆ సుఖము చిరకాలము నిలువలేదు. 1892 లో ఎర్నెస్టు మరణించెను. ఆ సంవత్సరమే తండ్రియు కన్నుమూసెను. అప్పటికి ఆస్వాల్డునకు సుమారు పదునైదేండ్లు. తమ్ముడు రాయ్ ఇంకను పసివాడు. తల్లి ధైర్యము వీడక, ఒక సేవాసంఘమున పనిచేయుచు సంసారమును నడపెను. ఇంటికి పెద్దదిక్కు తానేయని బాలుడైన ఆస్వాల్డ్ గుర్తించెను. ఆనాడు తమ్మునిపై ఏర్పడిన వాత్సల్యము ఆయన జీవితాంతము వఱకు చెక్కుచెదరలేదు.

ఏవరీ కాల్గేట్ విశ్వవిద్యాలయమున చదివి 1900 లో పట్టము పొందెను. విచిత్రమేమనగా, అచ్చట ఆయన మక్కువతో చదివినవి విజ్ఞానశాస్త్రములు కావు; సాహిత్యమును, వక్తృత్వమును. కళాశాల వాద్యబృందమునకు ఆయన నాయకుడుగా కూడ ఉండెను. పిమ్మట ఆయన మనస్సు వైద్యవిద్యవైపు మఱలెను. న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు చెందిన వైద్యకళాశాలలో చేరి 1904 లో వైద్యపట్టమును సంపాదించెను.

కొంతకాలము ఆయన రోగులకు చికిత్స చేసెను. కాని ఆ వృత్తి ఆయనకు శాంతి నొసగలేదు. దీర్ఘవ్యాధులతో బాధపడుచు తనయొద్దకు వచ్చువారికి తాను చేయగలిగిన సాయము మిక్కిలి స్వల్పమని ఆయన గ్రహించెను. రోగము ఎట్లు పుట్టుచున్నదో తెలియకుండ మందు లిచ్చుట చీకటిలో తడుముకొనుటవంటిదేకదా! అందుచే 1907 లో ఆయన చికిత్సావృత్తిని విడిచి, బ్రూక్లిన్‌లోని హోగ్లండ్ పరిశోధనాలయమున చేరెను. అచ్చట సూక్ష్మజీవులను గూర్చి పరిశోధనలు చేయుచు, దాదివిద్య నభ్యసించు స్త్రీలకు పాఠములు చెప్పుచుండెను. ఆ బోధనా సామర్థ్యమును బట్టి ఆయనకు ప్రొఫెసరు అను ముద్దుపేరు వచ్చెను. తరువాతి కాలమున తోడి పరిశోధకులు ఆ పేరును కుదించి ఫెస్ అని పిలుచుచుండిరి.

1913 లో రాక్‌ఫెల్లర్ వైద్యపరిశోధన సంస్థకు చెందిన ఆసుపత్రి అధిపతి రూఫస్ కోల్ ఏవరీని తన సంస్థకు ఆహ్వానించెను. ఆ కాలమున న్యుమోనియా అను ఊపిరితిత్తుల వ్యాధి అమెరికాలో ప్రతి యేటను అసంఖ్యాకులైన ప్రజలను పొట్టన పెట్టుకొనుచుండెను. పెన్సిలిన్ వంటి మందులు ఇంకను పుట్టలేదు. గుఱ్ఱముల శరీరమున ఆ క్రిములను ఎక్కించి, వాని నెత్తురునుండి తీసిన సీరమును రోగులకిచ్చుట యొక్కటియే వైద్యులు నమ్ముకొన్న మార్గము. ఆ సీరము గూడ అందఱికిని పనిచేయదు. ఏలయన, ఈ వ్యాధికి కారణమైన న్యుమోకాకస్ అను సూక్ష్మజీవులలో పెక్కు రకములు గలవు. ఒక రకమునకు విఱుగుడైన సీరము మఱియొక రకమునకు పనికిరాదు.

ఈ రకముల భేదము దేనివలన కలుగుచున్నది? ఏవరీ తన మిత్రుడు డోచెజ్‌తో కలసి ఈ ప్రశ్నను చేపట్టెను. వ్యాధిని కలిగించు న్యుమోకాకస్ తన చుట్టును ఒక మెత్తని కవచమును నిర్మించుకొనును. మన నెత్తురులోని తెల్లకణములు క్రిములను పట్టి మ్రింగుటకు వచ్చినపుడు ఆ కవచము అడ్డుపడి దానిని కాపాడును. ఈ కవచమునుండి కరగివచ్చు పదార్థము రోగుల నెత్తురునందును, మూత్రమునందును కనిపించునని 1917 లో వారిరువురు ప్రకటించిరి. అటు పిమ్మట మైకేల్ హైడెల్‌బర్గర్ అను రసాయనశాస్త్రజ్ఞుడు ఏవరీకి తోడయ్యెను. ఆ పదార్థము చక్కెర జాతికి చెందినదని వారు 1923 లో నిరూపించిరి. ఒక్కొక్క రకపు న్యుమోకాకస్‌కు ఒక్కొక్క విధమైన చక్కెర కవచము గలదు. సైనికులను వారి దుస్తులను బట్టి గుర్తించునట్లు, క్రిముల రకములను వాని కవచములను బట్టి గుర్తింపవచ్చునని తేలెను.

ఈ పరిశోధనల ఫలితముగా ఏవరీ మనస్సున ఒక నమ్మకము దృఢముగా నాటుకొనెను. ఒక రకపు న్యుమోకాకస్ ఎన్నడును మఱియొక రకము కాజాలదనియే ఆ నమ్మకము. సీరము చికిత్స యంతయు ఈ సూత్రముమీదనే ఆధారపడియుండెను. అట్టి సమయమున ఇంగ్లండునుండి ఒక వింత వార్త వచ్చెను.

లండను నగరమున ప్రభుత్వ పరిశోధనాలయమునందు పనిచేయుచుండిన ఫ్రెడెరిక్ గ్రిఫిత్ అను శాస్త్రజ్ఞుడు 1928 లో ఒక వ్యాసమును ప్రకటించెను. ఆయన చిట్టెలుకలపై చేసిన ప్రయోగమును జాగ్రత్తగా గమనింపుడు. కవచమును కోల్పోయిన రెండవ రకపు న్యుమోకాకస్‌లను ఎలుకకు ఎక్కించినచో దానికి హాని కలుగదు. కవచముగల మూడవ రకపు క్రిములను వేడిచేసి చంపి ఎక్కించినను హాని కలుగదు. కాని బ్రతికియున్న ఆ నిరపాయ క్రిములను, చచ్చిన ఈ క్రిములను కలిపి ఎక్కించినపుడు ఎలుకలు మరణించినవి. వాని నెత్తురును పరీక్షింపగా మూడవ రకపు కవచమును ధరించిన సజీవక్రిములు కనిపించినవి! అంతేకాదు, వాని సంతతియు తరతరములుగా ఆ కవచముతోనే పుట్టుచుండెను. మామిడిచెట్టును కాల్చిన బూడిదను వేపమొక్క మొదట చల్లగా, ఆ వేప మామిడిపండ్లు కాచి, దాని విత్తులనుండియు మామిడియే మొలచినట్లున్నది ఈ వింత.

ఏవరీ ఈ వార్తను మొదట నమ్మలేదు. గ్రిఫిత్ ప్రయోగమున ఎచ్చటనో పొరపాటు దొరలియుండునని ఆయన తలచెను. తాను పదునైదేండ్లు శ్రమించి కట్టిన గోడకు బీటలు వాఱుచుండగా ఎవరికి మాత్రము బాధ కలుగదు? అయినను ఏవరీ వ్యర్థవాదమునకు దిగలేదు. ఆయన పరిశోధనాలయమునందే మార్టిన్ డాసన్ అను యువకుడు ఆ ప్రయోగమును తిరిగి చేసి, గ్రిఫిత్ చెప్పినది నిజమేయని తేల్చెను. 1931 నాటికి డాసనును, రిచర్డ్ సియా అను మఱియొక పరిశోధకుడును ఎలుకల అవసరము లేకుండ గాజు గొట్టములలోనే ఆ మార్పును కలిగింపగలిగిరి. పిమ్మట లయొనెల్ ఆలోవే చచ్చిన క్రిములను పగులగొట్టి, వాని సారమును వడియగట్టి, ఆ వడియగట్టిన ద్రవముతోనే మార్పును సాధించెను. సత్యము కనులయెదుట నిలిచినపుడు ఏవరీ తన పాత నమ్మకమును విడిచిపెట్టెను. అంతటితో ఊరకుండక, ఆ ద్రవములో దాగియున్న పదార్థమేదో కనుగొనవలెనని కంకణము కట్టుకొనెను.

కాని కార్యము మిక్కిలి కఠినమైనది. సుమారు ఆ కాలముననే ఏవరీ గొంతులోని థైరాయిడ్ గ్రంథికి సంబంధించిన వ్యాధితో బాధపడి శస్త్రచికిత్స పొందవలసివచ్చెను. ప్రయోగములు ఒకనాడు సఫలములై, మఱునాడు నిష్కారణముగా విఫలములగుచుండెను. కోలిన్ మెక్లియడ్ అను యువవైద్యుడు 1934 లో ఆయనతో చేరి ఎంతయో శ్రమించెను. అయినను కొన్నియేండ్లపాటు ఆ పని మూలపడియుండవలసివచ్చెను. ఓటమి కలిగినపుడు ఏవరీ శిష్యులను నిందింపలేదు. క్రిందపడినపుడెల్ల ఏదో యొకటి చేతికి దొరకించుకొనియే లేవవలెనని ఆయన వారికి చెప్పుచుండెను.

1940 లో ఏవరీయు, మెక్లియడ్‌యు పనిని తిరిగి ప్రారంభించిరి. 1941 లో మెక్లియడ్ వేఱొక విశ్వవిద్యాలయమునకు వెడలగా, మాక్లిన్ మెకార్టీ అను ముప్పదియేండ్ల వైద్యుడు ఆయన స్థానమున చేరెను. కావలసిన పదార్థము లేశమాత్రము దొరకుటకు సైతము క్రిములను పదుల లీటర్ల ద్రవములో పెంచవలసియుండెను. అంత ద్రవమునుండి క్రిములను వేఱుచేయుటకు పాలనుండి మీగడను తీయు యంత్రమును వారు వాడుకొనిరి. ఆ యంత్రము గిరగిర తిరుగునపుడు క్రిములతో కూడిన సన్నని తుంపరలు గాలిలోనికి లేచును. అవి పీల్చినవారికి ప్రాణాపాయము. అందుచే యంత్రమును గట్టి మూతగల పెట్టెలో బంధించి, క్రిములను చంపిన పిదపనే దానిని తెఱచుచుండిరి.

ఇట్లు లభించిన సారమునుండి వారు ఒక్కొక్క పదార్థమునే తొలగించుచు పోయిరి. ఇంటిలో దొంగ దాగినపుడు ఒక్కొక్క గదినే వెదకి తాళము వేయుచు పోవునట్లున్నది వారి పద్ధతి. మాంసకృత్తులను జీర్ణము చేయు ఎంజైములను కలిపిరి. సారముయొక్క శక్తి తగ్గలేదు. కవచమునందలి చక్కెరను నాశనము చేయు ఎంజైమును కలిపిరి. అప్పుడును శక్తి తగ్గలేదు. రైబో న్యూక్లియిక్ ఆమ్లమును ఛేదించు ఎంజైమును కలిపిరి, మార్పు లేదు. తుదకు ఆ సారములో సారాయి సత్తును మెల్లగా కలుపగా, తెల్లని దారములవంటి పదార్థము ఏర్పడి గాజుకడ్డీకి చుట్టుకొనెను. క్రిముల స్వభావమును మార్చు శక్తి యంతయు ఆ దారములయందే ఉండెను. పరీక్షింపగా అది డీఆక్సీ రైబో న్యూక్లియిక్ ఆమ్లమని తేలెను. నేడు లోకమంతయు డి.ఎన్.ఏ. అని పిలుచునది దానినే. దానిని ఛేదించు ఎంజైములను కలుపగానే శక్తి పూర్తిగ నశించెను. అఱువది కోట్ల భాగముల ద్రవమునకు ఒక్క భాగము కలిపినను అది పనిచేసెను.

ఆనాటి పండితులు తరతరములకు సంక్రమించు లక్షణములు మాంసకృత్తులలోనే ఉండునని విశ్వసించుచుండిరి. డి.ఎన్.ఏ. మిక్కిలి సామాన్యమైన పదార్థమని, దానియందు ఇంతటి మహిమ యుండదని వారి అభిప్రాయము. ఈ సంగతి ఏవరీ బాగుగ నెఱుగును. 1943 మే మాసమున ఆయన తమ్ముడు రాయ్‌కి ఒక దీర్ఘమైన లేఖ వ్రాసెను. రాయ్ అప్పటికి నాష్‌విల్ నగరమున సూక్ష్మజీవశాస్త్ర ఆచార్యుడు. తాము కనుగొన్నది నిజమైనచో అది జన్యువులను గూర్చిన శాస్త్రమునే మార్చివేయునని ఆ లేఖలో ఏవరీ సూచించెను. కాని లోకమును నమ్మింపబోవుటకు ముందు తామే పలుమార్లు పరీక్షించుకొనవలెనని హెచ్చరికయు చేసెను. తండ్రిలేని నాడు తాను చేయిపట్టి నడిపించిన తమ్మునితో ఆ సంతోషమును, ఆ భయమును ఆయన పంచుకొనెను.

1944 ఫిబ్రవరి 1 వ తేదీన ఏవరీ, మెక్లియడ్, మెకార్టీల వ్యాసము వెలువడెను. అందు ఎచ్చటను ఆడంబరము లేదు. ఎంతవఱకు ఋజువైనదో అంతవఱకే వారు చెప్పిరి. కొందఱు శాస్త్రజ్ఞులు ఆ వ్యాసమును చదివి ఆనందాశ్చర్యములు పొందిరి. మఱికొందఱు ఆ డి.ఎన్.ఏ.లో కంటికి కానరాని మాంసకృత్తుల కల్తీ ఉండియుండునని శంకించిరి. ఏవరీ వారిపై ఆగ్రహింపలేదు. 1946 లో మెకార్టీ డి.ఎన్.ఏ.ను మాత్రమే ఛేదించు ఎంజైమును శుద్ధిచేసి, దాని మూలమున మార్పు కలిగించు శక్తి నశించుటను మరల చూపెను. 1952 లో ఆల్ఫ్రెడ్ హెర్షీ, మార్తా ఛేజ్ అనువారు వైరస్‌లపై చేసిన ప్రయోగములు ఏవరీ మార్గమునే బలపఱచినవి. 1953 లో వాట్సన్, క్రిక్ అనువారు డి.ఎన్.ఏ. నిర్మాణమును వెల్లడించిన పిమ్మట సంశయములు దాదాపుగ తొలగిపోయినవి.

ఇక్కడ మఱియొక విచిత్రమును గమనింపవలెను. గ్రిఫిత్ తన ప్రయోగమును ప్రకటించిన 1928 వ సంవత్సరముననే లండనులో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను కనుగొనెను. పదునైదేండ్లు గడచునప్పటికి అది గొప్ప ఔషధమై, న్యుమోనియా రోగులకు ప్రాణదానము చేయసాగెను. న్యుమోకాకస్ తన గోడను కట్టుకొనుటకు కొన్ని ఎంజైములు పనివాండ్రవలె తోడ్పడుచుండును. పెన్సిలిన్ ఆ పనివాండ్రను పట్టి కదలనీయదు. గోడలేని క్రిమి పగిలి చచ్చును. ఇక సూక్ష్మజీవులతో పోరాటము ముగిసినదనియే పెక్కుమంది తలచిరి. కాని ఏవరీ కనుగొన్న సత్యములోనే ఆ యాశకు ఎదురుదెబ్బయు దాగియుండెను.

రాక్‌ఫెల్లర్ సంస్థయందే పనిచేయుచుండిన రోలిన్ హాచ్‌కిస్ అను శాస్త్రజ్ఞుడు ఏవరీ మార్గమున ముందునకు సాగెను. పెన్సిలిన్‌కు లొంగని న్యుమోకాకస్‌లనుండి ఆయన డి.ఎన్.ఏ.ను వేఱుచేసెను. దానిని పెన్సిలిన్‌కు సులభముగ లొంగు క్రిములున్న గొట్టములో కలిపెను. వానిలో కొన్ని ఆ డి.ఎన్.ఏ.ను గ్రహించి, తామును మందునకు లొంగనివై తేరినవి. వాని సంతతికిని ఆ గుణమే సంక్రమించెను. ఈ ప్రయోగ ఫలితములు 1951 లో వెలువడినవి. కవచమును కట్టు నేర్పు ఎట్లు ఒక క్రిమినుండి మఱియొక క్రిమికి చేరెనో, మందును ధిక్కరించు నేర్పును అట్లే చేరునని తేటపడెను. చచ్చిన క్రిమి తన శక్తిని వీలునామావలె విడిచిపోవుచున్నది. బ్రతికిన క్రిమి దానిని ఏ బంధుత్వము లేకున్నను అనుభవించుచున్నది.

డి.ఎన్.ఏ. ఇట్లు చేతులు మాఱుటకు ఇది యొక్కటియే మార్గము కాదు. ఏవరీ వ్యాసముచే ప్రేరితుడైన జోషువా లెడర్‌బర్గ్ అను యువకుడు ఎడ్వర్డ్ టేటంతో కలసి 1946 లో మఱియొక మార్గమును కనుగొనెను. రెండు సూక్ష్మజీవులు ఒకదానినొకటి తాకి, ఒకటి తన డి.ఎన్.ఏ.ను రెండవదానికి ఇచ్చుచుండును. సూక్ష్మజీవులను పీడించు వైరస్‌లు ఒకదాని డి.ఎన్.ఏ.ను మోసికొనిపోయి మఱియొకదానిలో ప్రవేశపెట్టుటయు కలదు. ఈ మూడవ మార్గమును 1952 లో నార్టన్ జిండర్, లెడర్‌బర్గ్ ప్రకటించిరి.

ఈ మార్గములు పరిశోధనాలయములకే పరిమితములు కావని జపాను దేశపు అనుభవము తెలిపెను. అచ్చట రక్తవిరేచనములను కలిగించు షిగెల్లా అను క్రిములు 1950-60 ల మధ్య ఒకేసారి నాలుగు మందులకు లొంగకుండ పోసాగెను. సల్ఫా మందులు, స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్, టెట్రాసైక్లిన్ అనునవి ఆ నాలుగు. ఆంధ్రదేశమున భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనాధిపతిగా ఉన్న కాలమున అమెరికాలోని లెడర్లీ సంస్థనుండి వెలువడిన ఆరియోమైసిన్ ఈ టెట్రాసైక్లిన్ కుటుంబమునందలి తొలి ఔషధము. ఇట్టి గొప్ప మందులను అన్నిటిని ఒక్కమాఱే ధిక్కరించు శక్తి ఆ క్రిములకు ఎట్లబ్బెను? ప్రేగులలో నివసించు ఇతర సూక్ష్మజీవులనుండి వానికి ఆ శక్తి సంక్రమించుచున్నదని జపాను శాస్త్రజ్ఞులు 1959 నాటికి కనుగొనిరి. ప్లాస్మిడ్ అనబడు చిన్న డి.ఎన్.ఏ. వలయమునందు పెక్కు మందులను తిరస్కరించు జన్యువులు మూటగట్టినట్లు చేరియుండును. ఒక్క స్పర్శతో ఆ మూట యంతయు చేతులు మాఱును.

న్యుమోకాకస్ మాత్రము చాలకాలము పెన్సిలిన్‌కు లొంగియే యుండెను. కాని 1967 లో ఆస్ట్రేలియాలో ఒక రోగినుండి తీసిన న్యుమోకాకస్ పెన్సిలిన్‌ను కొంతవఱకు తట్టుకొనుచున్నదని వెల్లడియయ్యెను. 1977 లో దక్షిణాఫ్రికాలో పెక్కు మందులకు లొంగని న్యుమోకాకస్‌లు బయలుదేరెను. వాని జన్యువులను పరీక్షింపగా, గోడ కట్టు ఎంజైములకు సంబంధించిన భాగములు అతుకుల బొంతవలె కనిపించినవి. గొంతులో నివసించు ఇతర సూక్ష్మజీవుల డి.ఎన్.ఏ. ముక్కలను తెచ్చుకొని న్యుమోకాకస్ తన జన్యువులలో అతికించుకొనెనని తేలెను. గ్రిఫిత్ ఎలుకలో చూచినది, ఏవరీ గాజు గొట్టములో చూచినది, మనుష్యుల కంఠములలో నిత్యమును జరుగుచున్నది!

ఏవరీ ఇవి యన్నియు చూచుటకు జీవించియుండలేదు. 1943 లోనే ఆయనకు పదవీవిరమణ వయస్సు వచ్చెను. అయినను ఆయన పరిశోధనాలయమును విడువక, మఱి యైదేండ్లు అచ్చటనే కృషిచేసెను. 1945 లో ఇంగ్లండులోని రాయల్ సొసైటీ ఆయనకు కాప్లీ పతకము నిచ్చి గౌరవించెను. నోబెల్ బహుమానము మాత్రము ఆయనకు లభింపలేదు. ఇది ఆ బహుమాన చరిత్రలోనే ఒక లోపమని తరువాతివారు భావించిరి. ఆయన ఏనాడును కీర్తికై ప్రాకులాడలేదు. వివాహము చేసికొనలేదు. పొట్టివాడు, మితభాషి, దూరప్రయాణములన్న ఇష్టములేనివాడు. కాని యువపరిశోధకుడెవడైన సందేహముతో వచ్చినచో గంటలకొలది ఓర్పుతో ముచ్చటించుచుండెడివాడు. 1948 లో ఆయన తమ్ముని కుటుంబమునకు సమీపమున నుండగోరి నాష్‌విల్ నగరమునకు చేరెను. అచ్చటనే 1955 ఫిబ్రవరి 20 వ తేదీన, డెబ్బదియేడవ యేట, ఆయన పరమపదించెను.

గ్రిఫిత్ అంతకుముందే, 1941 లో, లండనుపై జరిగిన విమానదాడిలో మరణించెను. తన ఎలుకలలో జరిగిన వింతకు కారణమైన పదార్థమేదో ఆయనకు తెలియనే లేదు. ఒకరు ప్రశ్నను విడిచిపోగా మఱియొకరు సమాధానమును వెదకిరి. ఆ సమాధానమునుండి మూడవవారికి కొత్త ప్రశ్నలు లభించినవి. విజ్ఞానము కూడ ఇట్లే చేతులు మాఱుచు వృద్ధిపొందుచుండును.

ఏవరీ కృషివలన మనకు మేలును కలిగెను, హెచ్చరికయు కలిగెను. ఆయన చక్కెర కవచములను గూర్చి తెలిసికొన్న విషయములే పిమ్మట న్యుమోనియా రాకుండ కాపాడు టీకాలకు పునాదులైనవి. ఇక హెచ్చరిక యేమనగా, మందు క్రిములకు ధిక్కారశక్తిని నేర్పదు. ఆ శక్తిగల కొలది క్రిములను విడిచి తక్కినవానిని మాత్రము చంపును. చోటు ఖాళీయగుటచే మిగిలినవి విజృంభించి, తమ జన్యువులను పొరుగు క్రిములకు పంచిపెట్టును. అవసరము లేకున్నను మందును వాడినచో, మనమే చేతులార వానికి పొలమును దున్ని ఇచ్చినవారమగుదుము. జలుబు వంటి వైరస్ వ్యాధులకు ఈ మందులు పనిచేయవు. అందుచే వైద్యుని యనుమతి లేక వానిని కొని వాడరాదు. వైద్యుడు చెప్పిన మోతాదును, కాలమును తప్పరాదు. ఒకరికి వ్రాసిన మందును మఱియొకరు మ్రింగరాదు. చేతులు శుభ్రముగ కడుగుకొనుట చిన్న పనివలె కనిపించును. కాని రోగములను, వానితోపాటు ఈ ధిక్కారశక్తిని అరికట్టుటకు అదియు ఒక గొప్ప సాధనము.

తన నమ్మకము తప్పని తెలిసినపుడు దానిని విడిచిపెట్టుటకు మిక్కిలి ధైర్యము కావలెను. ఏవరీకి ఆ ధైర్యముండెను. ఏబదియేండ్లు దాటిన పిదప ఆయన పాత గోడను తానే పడగొట్టి, ఆ చోట కొత్త పునాది త్రవ్వ మొదలిడెను. ఆ పునాదిమీదనే నేటి జీవశాస్త్ర సౌధము నిలిచియున్నది.